ఎర్రమిట్టపాలెం స్పానిష్

ఎర్రమిట్టపాలెం డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే వల్లూరి కోటిలింగానికి స్పానిష్ రాదు. ఆ సంగతి ఆయన ఏనాడూ దాచలేదు. దాచవలసిన అవసరమూ రాలేదు, ఎందుకంటే ఆ ఊళ్లో ఎవరికీ స్పానిష్ రాదు. ఎర్రమిట్టపాలెం మిర్చి ఊరు. యార్డులో పంట దిగడం మొదలైతే ఊరంతా తుమ్ముతూనే బేరాలాడుతుంది, తుమ్ముతూనే పెళ్లిళ్లు చేస్తుంది, కోటిలింగం తుమ్ముతూనే విజయనగర పతనం చెబుతాడు. అలాంటి ఊరికి జూన్ నెలలో ఒక సర్క్యులర్ వచ్చింది.

సామాజిక శాస్త్రాలు చదివే ప్రతి విద్యార్థినీ ప్రపంచ పౌరుడిగా తీర్చిదిద్దాలని యూనివర్సిటీ తీర్మానించింది. అందుకని ఇకపైన చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం వగైరా గ్రూపులన్నిటికీ ఒక విదేశీ భాషను తప్పనిసరిగా జత చెయ్యాలి. భాష లేని సామాజిక శాస్త్రం ఉండదు, సామాజిక శాస్త్రం లేని భాషా ఉండదు. ఏ కాలేజీకి ఏ భాష అన్నది లాటరీ తీసి నిర్ణయించారు. ఎర్రమిట్టపాలేనికి స్పానిష్ తగిలింది. పక్క ఊరి కాలేజీకి జపనీస్ తగిలితే, అక్కడ కరాటే నేర్పే వ్యాయామ ఉపాధ్యాయుడికి అప్పగించారు.

ప్రిన్సిపాల్ డాక్టర్ నిశాపతిరావు కోటిలింగాన్ని పిలిపించాడు. నిశాపతిరావు జంతుశాస్త్రం మనిషి, రొయ్యల శ్వాసక్రియ మీద డాక్టరేట్ చేశాడు. ఉత్తర్వుల భాష ఆయనకు మాతృభాషతో సమానం. చాలాసేపు ప్రపంచ పౌరసత్వం గురించి మాట్లాడి, స్పానిష్ బోధనా బాధ్యతలు కోటిలింగానికి అప్పగిస్తున్నట్టు చెప్పాడు.

"నాకు స్పానిష్ రాదండి," అన్నాడు కోటిలింగం.

"రాదని నాకు తెలుసండీ. రాదని మీరు రాతపూర్వకంగా ఇచ్చినా నాకేం ఇబ్బంది లేదు. సర్క్యులర్లో 'బోధించగలవారు' అని లేదు. 'బోధించువారు' అని ఉంది."

తనే ఎందుకని కోటిలింగం అడిగాడు. స్పెయిన్ అనే మాట ఈ కాలేజీలో చరిత్ర క్లాసులో తప్ప మరెక్కడా వినపడదని, కాబట్టి పరిపాలనాపరంగా స్పెయిన్ ఆయన పరిధిలోకే వస్తుందని ప్రిన్సిపాల్ చెప్పాడు. భాష జతపడకపోతే చరిత్ర గ్రూపు ఎత్తేస్తారని కూడా, బాధపడుతున్నట్టు ముఖం పెట్టి, చెప్పాడు.

అది ఉత్త బెదిరింపు కాదు. కొన్నేళ్ల కిందట తర్కశాస్త్రం ఎత్తేసినప్పుడు ఆ లెక్చరర్ని జనరేటర్ ఇన్‌చార్జిగా వేశారు. ఆయన ఇప్పటికీ కరెంటు పోయినప్పుడల్లా దానికి కారణమేమిటా అని ఆలోచిస్తాడు గాని స్విచ్ వెయ్యడు. కోటిలింగానికి చరిత్ర అంటే ప్రాణం. గ్రూపులో పట్టుమని పదిమంది లేకపోయినా, హాలు నిండా ఉన్నట్టే గొంతెత్తి పాఠం చెప్పే మనిషి. తను మంచినీళ్ల మోటారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు ఊహించుకుని, సరేనన్నాడు.

పుస్తకాల కోసం కొనుగోలు కమిటీ కొటేషన్లు పిలిచింది. అందరికంటే తక్కువ రేటుకు ఇస్తానన్న వ్యాపారికి ఆర్డరు దక్కింది. దసరా సెలవులయ్యాక అట్టపెట్టెలు వచ్చాయి. మంచి నునుపు కాగితం, రంగు రంగుల బొమ్మలు, అట్ట మీద సముద్రం, పడవలు. పైభాగాన పెద్ద చీటీ అంటించి ఉంది, దాని మీద 'స్పానిష్, మొదటి భాగం' అని అచ్చువేసి ఉంది. లోపల ఒక్క ఇంగ్లీషు ముక్క గాని తెలుగు ముక్క గాని లేదు. అంతా ఆ భాషే. బొమ్మ చూసి మాట నేర్చుకునే పద్ధతి. ఉచ్చారణ కోసం పుస్తకంతోపాటు సీడీ ఇచ్చారు.

కోటిలింగం నిజాయితీపరుడు. మొదటి రోజే పిల్లలకు తనకూ ఏమీ రాదని చెప్పేశాడు. అందరం కలిసి నేర్చుకుందాం, నేను మీకంటే ఒక పాఠం ముందుంటాను, అంతే తేడా అన్నాడు. అన్నట్టే రోజూ పొద్దున కంప్యూటర్ ల్యాబు తెరిపించి, సీడీ పెట్టుకుని, అందులో ఆడమనిషి ఎలా అంటే అలా అనేవాడు. ఇంట్లో ఆయన భార్య అనసూయమ్మ కాఫీ ఇస్తే 'ఒబ్రిగాదు' అనేవాడు. అది కృతజ్ఞత అని తెలిశాక ఆవిడ సంతోషించింది, పెళ్లయినప్పటి నుంచీ ఏ భాషలోనూ ఆయన ఆ మాట అనలేదట.

పిల్లలు ఎవరూ ఊహించనంత బాగా నేర్చుకున్నారు. అందరిలోకీ మస్తాన్‌బీ ముందుండేది. ఆమె తల్లి కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పని చేస్తుంది. విదేశాలకు సరుకు పంపే కంపెనీ ఆఫీసులో, ఏసీ గదిలో కూర్చుని ఫోన్లో మాట్లాడే ఉద్యోగం తనకు కావాలని మస్తాన్‌బీ పట్టుదల. ఆ గదిని ఆమె అద్దంలోంచి చాలాసార్లు చూసింది. అందుకని మూడు నెలల్లో సీడీలో అయినంతవరకూ పాఠాలన్నీ కంఠతా పట్టేసింది. తొడిమలు తీసే ఆడవాళ్లను 'బోం దియా' అని పలకరించేది. వాళ్లూ తుమ్మి, బోం దియా అనేవాళ్లు.

సంక్రాంతి సెలవుల ముందు ఇంటి సామాన్ల పాఠం వచ్చింది. ఒక బొమ్మ కింద ఉన్న మాటని సీడీలో ఆడమనిషి 'సబావ్' అంది. బొమ్మలో ఉన్నది సబ్బు. తర్వాత 'తువాల్య', బొమ్మలో తువాలు. 'అర్మారియు', అల్మారా. 'బుతావ్', చొక్కా బొత్తాం. 'అననాష్', అనాసపండు. పిల్లలు పగలబడి నవ్వారు. స్పానిష్ వాళ్లు మన మాటలు ఎత్తుకుపోయారని వెనక బెంచీ కుర్రాడొకడు అన్నాడు.

కోటిలింగం మాత్రం నవ్వలేదు. ఏటా నాలుగో యూనిట్‌లో ఆయనే చెప్పే పాఠం ఒకటుంది. పోర్చుగీసు వాళ్లు మన తీరానికి వచ్చి మిరపకాయతోపాటు కొన్ని మాటలు కూడా వదిలేసి వెళ్లారని, సబ్బు, తువాలు, అల్మారా, బొత్తాం, అనాస వాటిలో కొన్నని ఆయన నోటితోనే ఎన్నోసార్లు చెప్పాడు. గబగబా పేజీలు తిప్పాడు. పుస్తకం చివర్లో, వాళ్లింకా చేరని పాఠంలో, ఒక పిల్లవాడు గుండె మీద చెయ్యి పెట్టుకుని చెబుతున్నాడు: 'ఎవ్ ఫాలు పుర్తుగేష్.' నేను పోర్చుగీసు మాట్లాడతాను.

ఆయన కుర్చీలో కూలబడి, ఉన్నదున్నట్టు పిల్లలకు చెప్పేశాడు. మనం నేర్చుకుంటున్నది స్పానిష్ కాదర్రా, దాని పక్క దేశం వాళ్ల భాష, నన్ను క్షమించండి అన్నాడు. ఆయన చూపు మస్తాన్‌బీ మీదే ఉంది.

"మనకేదో ఒకటి వచ్చింది గదా సార్. ఏమీ రాకపోతే గదా ఏడవాల్సింది," అంది మస్తాన్‌బీ.

ఆ మాటతో ఆయనకు కొంచెం ధైర్యం వచ్చి, ప్రిన్సిపాల్‌కు కాగితం రాసి ఇచ్చాడు. నిశాపతిరావు దాన్ని రెండుసార్లు చదివి, గది తలుపు వేయించాడు. ఇది పోర్చుగీసు అయితే పుస్తకాలు కొన్నది తప్పవుతుంది, తప్పయితే ఆడిట్ వాళ్లు వస్తారు, ఆడిట్ వాళ్లు వస్తే జనరేటర్ దాకా చూస్తారు. కాబట్టి ఇది పోర్చుగీసు అయ్యే అవకాశం చాలా తక్కువ అని ఆయన అభిప్రాయపడ్డాడు. అయినా ప్రజాస్వామ్యం గనక నిజనిర్ధారణ కమిటీ వేశాడు. అందులో వృక్షశాస్త్రం మేడం ఒకరు, కామర్స్ ఆయన ఒకరు, జనరేటర్ ఇన్‌చార్జి ఒకరు.

కమిటీ పుస్తకాన్ని అన్నివైపులనుంచీ పరిశీలించింది. అట్ట మీద స్పానిష్ అని స్పష్టంగా ఉన్నట్టు గమనించింది. పుస్తకాలు అమ్మిన వ్యాపారిని విచారిస్తే, తను అమ్మింది స్పానిషే అని ఆయన ప్రమాణపూర్వకంగా చెప్పాడు. ఇక మిగిలింది ఆ పిల్లవాడి వాక్యం. ఇక్కడ జనరేటర్ ఇన్‌చార్జికి చాలా ఏళ్ల తర్వాత తర్కశాస్త్రం ఉపయోగపడింది. జర్మన్ వాళ్లు తమ భాషను జర్మన్ అనరు, డాయిచ్ అంటారు. అంటే ఏ జాతీ తన భాషను మనం పిలిచే పేరుతో పిలవదు. ఈ పిల్లవాడు స్పానిష్ పిల్లవాడు, ఎందుకంటే స్పానిష్ పుస్తకంలో ఉన్నాడు. అతను తన భాషను పుర్తుగేష్ అంటున్నాడు. కాబట్టి స్పానిష్ వాళ్లు స్పానిష్‌ను పుర్తుగేష్ అంటారని రుజువవుతోంది.

యూనివర్సిటీ ఆ నివేదికను ఆమోదించి, ఒక వాక్యం తన వంతుగా చేర్చింది: 'ఈ విశ్వవిద్యాలయ పరిధిలో స్పానిష్ అనగా ఆమోదిత పాఠ్యగ్రంథమునందు గల భాష.' కోటిలింగానికి మాత్రం చరిత్ర లెక్చరర్ అయి ఉండి భాషా విషయాల్లో అత్యుత్సాహం చూపినందుకు మందలింపు వచ్చింది.

ఆ వేసవిలో నిజంగానే స్పెయిన్ నుంచి ఒకావిడ ఎర్రమిట్టపాలెం వచ్చింది. పేరు పిలార్. మిర్చి కొనే కంపెనీ తరఫు మనిషి. కోల్డ్ స్టోరేజీలో ఆఫీసు తెరిచి, ఏడాది పైగా ఉండి, సరుకు తనే చూసి తనే ఎగుమతి చేయించే పని మీద వచ్చింది. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. రెండు రోజులు వరసగా తుమ్మి, మూడోరోజు నుంచి అలవాటు పడిపోయింది. ఆవిడ వచ్చిందని తెలియగానే నిశాపతిరావు స్పానిష్ వారోత్సవం ప్రకటించి ముఖ్య అతిథిగా పిలిచాడు.

పిల్లలు వరసగా నిలబడి బోం దియా అన్నారు. మస్తాన్‌బీ రాసుకున్న కాగితం చూడకుండా ఐదు నిమిషాలు మాట్లాడింది, తమ ఊరి గురించి, మిరప గురించి, తుమ్ముల గురించి. పిలార్ మొదట తెల్లబోయింది. తర్వాత ముందుకు వంగి శ్రద్ధగా విని, చివర్లో లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మైకు ముందుకొచ్చి ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడింది. అనువాదం కోటిలింగం పని.

"ఈ పిల్లలు చక్కటి పోర్చుగీసు మాట్లాడుతున్నారని మేడం అంటున్నారు," అన్నాడు ఆయన. తప్పు అనువాదం చెయ్యడం ఆయనకు చేతకాదు.

సభ గుసగుసలాడింది. నిశాపతిరావు తొణకకుండా మైకు అందుకున్నాడు.

"మన కళాశాల స్పానిష్, ఒక్క స్పెయిన్‌కే పరిమితం కాకుండా, పోర్చుగల్ స్థాయికి ఎదిగిందని మేడంగారు కొనియాడుతున్నారు," అన్నాడు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

ఆ ఊపులో ఆయన మౌఖిక పరీక్షలకు పిలార్‌నే బయటి పరీక్షాధికారిగా వెయ్యాలని యూనివర్సిటీకి రాశాడు. బయటి పరీక్షాధికారి ఎవరైనా ఆమోదిత పాఠ్యగ్రంథం మీద అర్హత పరీక్ష రాయాలని అక్కడినుంచి జవాబొచ్చింది. సరదా మనిషి కాబట్టి పిలార్ వెళ్లి రాసింది. కోటిలింగం అదే కాలేజీ వాడు గనక ఆ పేపరు దిద్దకూడదు. విదేశీ భాషల బోర్డులో ఉన్న రెండో సభ్యుడు, జపనీస్ చెప్పే కరాటే ఆయన, దిద్దాడు. ఆయనకు స్పానిష్ రాదు, కాబట్టి ఏ పక్షపాతమూ లేకుండా పుస్తకం పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చాడు. కృతజ్ఞతలు అన్న చోట ఆవిడ 'గ్రాసియాస్' అని రాసింది. పుస్తకంలో అలా లేదు. శుభోదయం తప్పు. కిటికీ తప్పు. తన పేరు ఒక్కటే ఒప్పు.

పిలార్ ఫెయిలయింది. 'తమ స్పానిష్ పరిజ్ఞానము ప్రాథమిక దశలో ఉన్నందున తమను పరీక్షాధికారిగా నియమించలేకపోవుచున్నాము. ఎర్రమిట్టపాలెం కళాశాలలో చేరి అభివృద్ధి పరచుకొనవచ్చును' అని ఆవిడ పేరిట కాలేజీకి ఉత్తరం వచ్చింది.

ఆ ఉత్తరం పట్టుకుని కోటిలింగం ఆవిడ ఆఫీసుకు వెళ్లాడు, ముఖం చూపించలేక గుమ్మంలోనే నిలబడి క్షమాపణ చెప్పాడు. పిలార్ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వయ్యాక ఆవిడ చెప్పింది విని ఆయన నోరు తెరిచాడు. ఆవిడ కొనే సరుకులో సగం లిస్బన్‌కు పోతుంది. అక్కడి వ్యాపారులు మొండివాళ్లు, వాళ్ల భాషలో తప్ప బేరం ఆడరు. చిన్నప్పటి నుంచి పొరుగు దేశమే కదా అని ఆవిడ ఆ భాష నేర్చుకోలేదు, ఇప్పుడు దానికి బాధపడుతోంది. క్లాసులు ఎప్పుడు మొదలవుతాయో చెప్పమంది. ఆ అమ్మాయిని, కాగితం చూడకుండా మాట్లాడిన ఆమెను, రేపే పంపించమంది.

మస్తాన్‌బీ మర్నాడు వెళ్లింది. పిలార్ ఏ సర్టిఫికెట్టూ అడగలేదు. ఫోను చేతికిచ్చి, లిస్బన్‌లో ఒక మొండి వ్యాపారితో మాట్లాడమంది. పావుగంట తర్వాత మస్తాన్‌బీ ఫోను పెట్టేసి, ఆయన ఒప్పుకున్నాడు గాని రంగు పోయిన తాలు కాయలు కలపొద్దంటన్నాడు మేడం అంది. చదువు పూర్తయ్యేదాకా సాయంత్రాలు, తర్వాత పూర్తికాలం అని మాటయింది. అద్దం గదిలో కూర్చున్న కూతురిని చూడడానికి తల్లి తొడిమలు తీసే పని ఆపి వచ్చింది. బయటే నిలబడి అద్దం మీద వేలితో కొట్టి, లోపల చలిగా లేదా అని సైగ చేసింది.

ఉద్యోగాలు వచ్చిన విద్యార్థుల వివరాల్లో కోటిలింగం మస్తాన్‌బీ పేరు గర్వంగా పంపించాడు. యూనివర్సిటీ దాన్ని కొట్టేసింది. స్పానిష్ చదివిన విద్యార్థిని పోర్చుగీసు ఉద్యోగంలో చేరడం చదివిన విషయానికి సంబంధం లేని ఉపాధి అని, అది లెక్కలోకి రాదని రాసింది.

పిలార్ మాత్రం నిజంగానే జూన్‌లో చేరింది. నిశాపతిరావు ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకుండా ఆవిడ ఫోటోతో బస్టాండ్ దగ్గర ఫ్లెక్సీ కట్టించాడు: 'స్పెయిన్ వారు సైతం స్పానిష్ నేర్చుకొనుటకు ఎంచుకున్న ఏకైక కళాశాల.' చుట్టుపక్కల మండలాలనుంచి పిల్లలు విరగబడ్డారు. బెంచీలు చాలక కెమిస్ట్రీ ల్యాబునుంచి స్టూళ్లు తెప్పించారు. సామాజిక శాస్త్రం లేని భాష ఉండదన్న నియమం ప్రకారం వాళ్లందరూ చరిత్ర కూడా చదవాలి. పిలార్ కూడా చదవాలి. ఆవిడ అభ్యంతరం చెప్పలేదు. సాయంత్రాలు మస్తాన్‌బీతో, మిగతా వేళల్లో తొడిమలు తీసే ఆడవాళ్లతో గడపడం వల్ల ఆవిడకి తెలుగు పట్టుబడుతోంది, పాఠం అర్థమవుతోంది.

కోటిలింగం అంత నిండు క్లాసు జీవితంలో చూడలేదు. ఇన్నేళ్లూ ఖాళీ బెంచీల మీద వృథా చేసిన గొంతు ఇప్పుడు సరిపోయింది. అక్బరు దాటాడు, శివాజీ దాటాడు. నాలుగో యూనిట్ మొదలుపెట్టే రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, బోర్డు మీద 'పోర్చుగీసు వారి రాక' అని రాస్తుండగా నిశాపతిరావు స్వయంగా క్లాసులోకి వచ్చాడు. చేతిలో తాజా ఉత్తర్వు ఉంది. అందరి ముందూ చదివి వినిపించమని ఆదేశం కూడా ఉందట.

కోటిలింగం చదివాడు. స్పానిష్ వారు తమను తాము పోర్చుగీసు అని పిలుచుకుంటారని నిజనిర్ధారణ కమిటీ ఇదివరకే తేల్చింది. ఒకే ప్రజలకు రెండు పేర్లు ఉండడం విద్యార్థులను గందరగోళపరుస్తోంది. కావున చరిత్ర పాఠ్యప్రణాళికనుంచి పోర్చుగీసు అనే పదాన్ని తొలగించడమైనది. ఇకపై ఎవరూ ఆ మాట పలకరాదు, రాయరాదు. సముద్రమార్గాన కాలికట్ చేరినది, గోవాను ఆక్రమించినది, మిరపకాయను తెచ్చినది స్పానిష్ వారు అని బోధించవలెను.

చదవడం అయ్యాక కోటిలింగం ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి, దాని వంకే చూస్తూ నిలబడ్డాడు. స్పానిష్ రాకపోయినా బోధించమంటే బోధించాడు, మందలిస్తే పడ్డాడు. చరిత్ర మాత్రం ఆయన సొంత ఇల్లు లాంటిది. డస్టర్ తీశాడు గాని బోర్డు తుడవడానికి చెయ్యి లేవలేదు. జనరేటర్ పక్కన ఇంకో కుర్చీకి చోటుందో లేదో అనుకున్నాడు. నిశాపతిరావు గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తున్నాడు. క్లాసు కూడా ఎదురుచూస్తోంది.

మూడో బెంచీలోంచి పిలార్ చెయ్యెత్తి లేచింది.

"సార్, మేం రాలేదండి," అంది, తొడిమలు తీసే ఆడవాళ్ల యాసలో. "స్పెయినోళ్లు ఎవరూ రాలేదు. వచ్చింది మా పక్కింటోళ్లు."

ప్రిన్సిపాల్ ఏదో అనబోయాడు. ఆవిడ మాటల్లో నిషేధించిన పదం ఎక్కడా లేదని గ్రహించి, ఇంకో క్లాసు చూడాల్సి ఉందంటూ వెళ్లిపోయాడు.

కోటిలింగం డస్టర్‌తో ఒకే ఒక్క మాట తుడిచి, ఆ స్థానంలో పక్కింటివాళ్లు అని రాశాడు. తర్వాత తుమ్మి, గొంతు సవరించుకుని, పక్కింటివాళ్లు ఆఫ్రికా చుట్టూ తిరిగి కాలికట్‌కు ఎలా చేరారో, గోవా ఎలా పట్టుకున్నారో, మిరపకాయ ఎలా తెచ్చారో గంట కొట్టేదాకా చెప్పాడు. ఎవరూ కదల్లేదు.

ఆ ఏడాది యూనివర్సిటీ పరీక్షలో మిరపకాయను మన దేశానికి తెచ్చిందెవరు అని ప్రశ్న వచ్చింది. ఎర్రమిట్టపాలెం సెంటర్లో రాసిన ప్రతి విద్యార్థీ 'స్పెయిన్ వారి పక్కింటివాళ్లు' అని రాశాడు. దిద్దేవాళ్లలో చాలామంది పాతకాలపు చరిత్ర లెక్చరర్లే. ఆ జవాబు దగ్గర కాసేపు ఆగి, అటూ ఇటూ చూసి, నిండు మార్కులు వేశారు. పక్కింటివాళ్ల పేరేమిటని ఎవరూ అడగలేదు.